కీమోలో ఉన్న అమ్మ జాగ్రత్తలంటే వినడం లేదు, జ్వరం వచ్చినా దాచిపెడుతోంది. మీ ఇళ్లల్లో ఎలా ఒప్పించారు?

పటమట_వాసి:

అందరికీ నమస్కారం. మాది విజయవాడ, పటమట. అమ్మకి 57 ఏళ్లు. రొమ్ము క్యాన్సర్ అని తెలిసి ఆపరేషన్ చేయించాం. ఇప్పుడు కీమో నడుస్తోంది, 21 రోజులకొకసారి, అందరూ ఎర్ర మందు అంటారే, అదే. మూడు సైకిళ్లు అయ్యాయి. నాలుగోది వారం వెనక్కి జరిపి వచ్చే గురువారం అన్నారు. ట్రీట్‌మెంట్ గురించి నాకు అనుమానాలేం లేవు, డాక్టరు గారు ఓపిగ్గా చెప్తారు. నా బాధంతా ఇంట్లో అమ్మతోనే.

ఎందుకు వెనక్కి జరిగిందో చెప్తాను. మూడో కీమో అయిన పదో రోజు రాత్రి మంచినీళ్ల కోసం లేచాను. అమ్మ గదిలో ఫ్యాన్ ఆపేసి ఉంది. ఇంత ఉక్కలో ఫ్యాన్ ఆపుకుని, రెండు దుప్పట్లు కప్పుకుని, పళ్లు టకటకలాడిస్తూ పడుకుంది. ఏంటమ్మా అంటే "గాలి పడలేదురా, పో, పడుకో" అంది. నేనూ పోయి పడుకున్నాను. అది తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడగా ఉంటుంది. పొద్దున్న మా ఆవిడ పప్పు నానబెడదామని మినపప్పు డబ్బా తీస్తే, పప్పులో కుక్కి డోలో షీటు దొరికింది. 15 మాత్రల్లో ఆరు లేవు. అంటే రెండు రోజులుగా జ్వరం వస్తుంటే ఎవరికీ చెప్పకుండా మాత్ర వేసుకుని దించుకుంటోంది. అప్పటికప్పుడు ఆటోలో తీసుకెళ్లాం. న్యూట్రోఫిల్స్, అంటే క్రిములతో పోరాడే తెల్ల కణాలు, 400కి పడిపోయాయన్నారు. ఆరు రోజులు అడ్మిషన్, పూటపూటకీ యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు. ఇంకో రోజు ఆగి ఉంటే కష్టమయ్యేది అన్నారు.

ఎందుకు దాచావమ్మా అంటే "కీమో అన్నాక ఒంట్లో వేడి పుట్టి జ్వరం రావడం మామూలే. చెప్తే మళ్లీ హాస్పిటల్లో పడేస్తారు, నీకు సెలవులు పోతాయి" అంది. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు.

ఇంతటితో అయిపోలేదు. రైతుబజారుకి తనే వెళ్లాలి, వంకాయలు నేను తెస్తే పుచ్చులు తెస్తానంటుంది. మాస్కు పెట్టుకోమంటే చిన్నబుచ్చుకుంటుంది. చుట్టాలు పరామర్శకి వస్తూనే ఉంటారు, దగ్గుతూ వచ్చిన మేనత్తని కూడా పక్కన కూర్చోబెట్టుకుని గంటసేపు మాట్లాడింది. పక్కింటి మామ్మ గారు కీమో అయిన వారం తలస్నానం కాదు కదా, అసలు స్నానమే చేయకూడదన్నారట, ఆ మాట మాత్రం చక్కగా వింటుంది. పిన్ని రోజు విడిచి రోజు బొప్పాయి ఆకు రసం తెస్తోంది. ఈసారి తెల్ల కణాలు పెంచే కౌంట్ ఇంజెక్షన్ కూడా రాస్తామన్నారు, అది చేయించుకుంటే ఎముకలు విరిగినంత నొప్పి అని ఎవరో చెప్పారట, వద్దంటోంది. దసరాకి మూల నక్షత్రం రోజు దుర్గమ్మ కొండ ఎక్కుతానని మొక్కుకుంది కూడా. ఆ రోజు జనం ఎలా ఉంటారో మీకు తెలుసు.

హాస్పిటల్ వాళ్లిచ్చిన కాగితంలో ఉన్నట్టే మేం అన్నీ చేస్తున్నాం. వేరు కంచం, వేరు గ్లాసు, వేరు తువ్వాలు పెట్టాం. అప్పటి నుంచి అమ్మ మాతో కలిసి తినడం మానేసింది. అందరం తిన్నాక వంటింట్లో ఒక్కతే కూర్చుని తింటోంది. గట్టిగా చెప్తే కళ్లనీళ్లు పెట్టుకుంటుంది, నెమ్మదిగా చెప్తే సరే అని మళ్లీ మామూలే. చదువుకోని మనిషి కాదు, పదో తరగతి పాసైంది, రోజూ పేపర్ చదువుతుంది. ఈ దారి దాటి వచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, ఎలా ఒప్పించారు?

బ్రాడీపేట_టీచర్:

తమ్ముడూ, మాది గుంటూరు. నాకు 2022లో ఇదే జబ్బు, ఇదే మందు. ఇక్కడి ప్రభుత్వాసుపత్రి, జీజీహెచ్‌లో నాట్కో క్యాన్సర్ సెంటర్లో చేయించుకున్నాను. ఇప్పుడు బాగున్నాను, ఆరు నెలలకోసారి చెకప్‌కి వెళ్తున్నాను. నువ్వు రాసిందంతా చదివాను కానీ ఒక్క ముక్క దగ్గర ఆగిపోయాను. వేరు కంచం.

నా చిన్నప్పుడు మా పెద్దమ్మకి టీబీ వచ్చింది. ఆవిడకి ఒక సత్తు గ్లాసు, ఒక సొట్ట కంచం అరుగు మీద విడిగా పెట్టేవాళ్లు, పిల్లల్ని అటు పోనిచ్చేవాళ్లు కాదు. ఆవిడ పోయాక ఆ గ్లాసు కూడా పారేశారు. నాకు మొదటి కీమో అయ్యాక మా ఆయన ఎంతో ప్రేమగా, హాస్పిటల్లో చెప్పారని, నాకోసం కొత్త కంచం కొనుక్కొచ్చి పెడితే నాకు ఆ సత్తు గ్లాసే కనిపించింది. 20 ఏళ్లుగా పాఠాలు చెప్తున్నదాన్ని, క్యాన్సర్ అంటుకోదని పిల్లలకి నేనే చెప్పాను. అయినా ఆ రోజు అన్నం గొంతు దిగలేదు. మాస్కూ అంతే. పెట్టుకుని గేటు దగ్గర నిలబడితే ఎదురింటావిడ తన మనవణ్ణి పక్కకి లాక్కుంది. మీ అమ్మగారికి క్రిములంటే తెలియక కాదు బాబూ, మన ఊళ్లల్లో వేరు కంచం అంటే ఏంటో ఆవిడకి బాగా తెలుసు.

నాకు మనసు మార్చింది ఒక సిస్టర్. నా కళ్లలోకి చూసి "అమ్మా, మీ ఎంగిలి వాళ్లకి అంటుతుందని కాదు. వాళ్ల ఎంగిలి మీకు పడదు. ఇప్పుడు మీరు బాలింత లాంటి వాళ్లు, పచ్చి ఒళ్లు" అంది. ఆ మాట చెవిన పడ్డాకే నాకు ఊపిరాడింది. పచ్చి బాలింత గదిలోకి కాళ్లు కడుక్కోకుండా ఎవరినైనా రానిస్తామా? జలుబున్నవాళ్లని బిడ్డని ఎత్తుకోనిస్తామా? ఆవిడని ఎవరూ వెలివేసినట్టు కాదు కదా, కాపాడుకుంటున్నట్టు. ఇంటికొచ్చి మా ఆయనకి ఇదే చెప్పాను. మర్నాడు ఆయన స్టీలు సామాన్ల కొట్టుకెళ్లి అయిదు కంచాలు తెచ్చారు. పెళ్లి గిన్నెల మీద పేర్లు కొట్టిస్తారు చూడు, అలా ఒక్కో దాని మీద ఒక్కొక్కరి పేరు కొట్టించారు. మా అత్తగారిది, ఆయనది, పిల్లలిద్దరిది, నాది. ఎవరి కంచం వాళ్లది. నాకొక్కదానికే వేరు కాదు. ఇప్పటికీ వాటిలోనే తింటున్నాం.

మాస్కు కూడా తిప్పేశాం. ఇంట్లో నేను పెట్టుకోలేదు, వచ్చినవాళ్లు పెట్టుకున్నారు. గుమ్మం పక్క కుళాయి దగ్గర ఒక సబ్బు, స్టూలు మీద మాస్కుల పెట్టె. ఎవరొచ్చినా నేనే లోపలి నుంచి "చేతులు కడుక్కుని రండి" అని పిలిచేదాన్ని. ఇంటి పెత్తనం మళ్లీ నా చేతికి వచ్చినట్టయింది. మీ అమ్మగారికి కూడా ఆ కాపలా పని అప్పగించి చూడు. మేనత్త దగ్గుతూ వస్తే నువ్వు ఆపితే గొడవవుతుంది, అమ్మే "వదినా, జలుబు తగ్గాక రా" అంటే చెల్లుతుంది.

మొక్కు గురించి. మూల నక్షత్రం రోజు వద్దే వద్దు, ఆ క్యూలైన్లలో ఆరోగ్యంగా ఉన్నవాళ్లకే సొమ్మసిల్లుతుంది. కీమోకి ముందు రెండు మూడు రోజుల్లో కౌంట్ బాగున్నప్పుడు, డాక్టరు గారిని అడిగి, మంగళ శుక్రవారాలు కాని రోజు తెల్లవారుజామున తీసుకెళ్లు. తీర్థం కళ్లకద్దుకుని తల మీద రాసుకోమను, మింగొద్దను. అక్కడ మాత్రం మాస్కు ఉండాలి. ముందు అనుకున్న రోజు కాదని అమ్మవారు ఏమీ అనుకోదు, ఆ మాట మీ ఇంటి పురోహితుడి చేత చెప్పిస్తే ఇంకా మంచిది.

తెనాలి_రైతుబిడ్డ:

నా మాట తప్పైతే మన్నించండి. అందరూ బొప్పాయి ఆకు రసాన్ని తీసిపారేస్తారు కానీ మా అత్త కీమోలో రోజూ తాగింది. రెండో వారంలో 900కి పడిన తెల్ల కణాలు మూడో వారం చివరికి 4 వేలు దాటాయి, కళ్లారా చూశాం. డెంగ్యూకి కూడా మా ఊళ్లో అదే తాగుతారు. డబ్బు ఖర్చు లేని మందు, పెరట్లో చెట్టుంది. పిన్ని గారు ప్రేమతో తెస్తోంది, ఎందుకు కాదనాలి?

డేకేర్_సిస్టర్:

నేను గుంటూరులో కీమో డేకేర్‌లో, అంటే కీమో ఎక్కించుకుని అదే రోజు ఇంటికెళ్లే వార్డులో, నర్సుగా 11 ఏళ్లుగా పనిచేస్తున్నాను. ముందు తెనాలి అన్నకి చెప్తాను. మీ అత్తగారి కౌంట్ పెరిగిందన్నది నిజమే, మీరు అబద్ధం చెప్పడం లేదు. కానీ రసం తాగని వాళ్లకీ అలాగే పెరుగుతుంది. కీమో ఎముక మూలుగని దెబ్బతీస్తుంది, కణాలు 7 నుంచి 14 రోజుల మధ్య బాగా అడుగంటుతాయి, తర్వాత మూలుగ కోలుకుని మూడో వారానికి వాటంతటవే పైకొస్తాయి. అందుకే తర్వాతి కీమో 21 రోజులకి పెడతారు. మధ్యలో ఏం తాగినా, దానిమ్మ తిన్నా, బీట్‌రూట్ తాగినా ఆ పేరు దానికి పోతుంది. మా దగ్గరకి వచ్చే ప్రతి ఇంట్లోనూ ఒక రసం ఉంటుంది, ప్రతివాళ్లకీ అది పనిచేసినట్టే ఉంటుంది. బొప్పాయి ఆకుతో నా భయం ఇంకోటి. పెరట్లో దుమ్ము పట్టిన ఆకు, పచ్చిగా నూరి, పచ్చి నీళ్లు కలిపి, నోరంతా పూసి ఉన్న మనిషి చేత తాగించడం. కణాలు 400 ఉన్నప్పుడు అది కడుపులోకి ఏం మోసుకెళ్తుందో ఆలోచించండి. పిన్ని గారి ప్రేమని కాదనొద్దు, ఆ చేత్తోనే పెసరకట్టు, బాగా ఉడికిన గుడ్డు, పప్పుచారు తెమ్మనండి. కణాలు కట్టుకోవడానికి మాంసకృత్తులు కావాలి.

పటమట బాబుకి. మేం నర్సింగ్‌లో హెల్త్ బిలీఫ్ మోడల్ అని చదువుకున్నాం. 1950ల్లో అమెరికా పబ్లిక్ హెల్త్ సర్వీసు వాళ్లు టీబీ కనిపెట్టడానికి ఉచితంగా ఎక్స్‌రే తీస్తామన్నా జనం రాలేదు. ఎందుకు రావడం లేదని అక్కడి సోషల్ సైకాలజిస్టులు ఆలోచిస్తే పుట్టింది అది. మనిషి ఒక జాగ్రత్త తీసుకునే ముందు మనసులో కొన్ని లెక్కలు వేసుకుంటాడు. ఇది నాకు వస్తుందా, వస్తే ఎంత ప్రమాదం, ఈ పని చేస్తే నిజంగా ఆగుతుందా, చేయాలంటే నాకేం పోతుంది, అసలు నావల్ల అవుతుందా. పరీక్ష కోసం బట్టీ పట్టాను కానీ డేకేర్‌లో పడ్డాక అర్థమైంది. మీ అమ్మగారి లెక్క చూడండి. జ్వరం అంటే ఆవిడకి వేడి, ఇన్ఫెక్షన్ కాదు, కాబట్టి ప్రమాదం కనిపించలేదు. చెప్తే పోయేవి మాత్రం కళ్ల ముందున్నాయి, కొడుకు సెలవు, హాస్పిటల్ ఖర్చు, మళ్లీ సూదులు. ఆ లెక్కలో మాత్ర దాచుకోవడమే తెలివైన పని. మీరు క్రిముల గురించి ఎంత చెప్పినా ఆ లెక్క మారదు. సెలవు గురించి ముందు మాట్లాడండి. "నువ్వు మొదటి గంటలో చెప్తే నాకు తక్కువ సెలవులు పోతాయి, దాచిపెడితే ఆరు రోజులు పోయాయి" అని జరిగిందే చూపించండి.

ఇక జ్వరం సంగతి, ఇది మాత్రం బతిమాలుతూ చెప్తున్నాను. జ్వరం 100.4 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉందా, అర్ధరాత్రైనా సరే ఫోన్ చేసి బయల్దేరాలి. పొద్దున్న చూద్దాం అనకూడదు. డాక్టరు చెప్పకుండా పారాసిటమాల్ వేయకూడదు, ఎందుకంటే అది జ్వరాన్ని దించి ఇన్ఫెక్షన్‌ని దాచేస్తుంది, లోపల క్రిమి తన పని తను చేసుకుపోతుంది. హాస్పిటల్‌కి వెళ్లగానే ముందు చెప్పాల్సిన మాట "కీమో పేషెంటు, జ్వరం, ఇన్నో రోజు" అని. వచ్చిన గంటలోపు యాంటీబయాటిక్ పడాలన్నది లెక్క, ఓపీ చీటీ కోసం లైన్లో కూర్చోవద్దు. వీధి చివర ఆరెంపీ దగ్గర సూది వేయించుకుని రావద్దు. చంకలో పెడితే నోట్లో కంటే తక్కువ చూపిస్తుంది, కాబట్టి చంకలో 99 దాటి ఒంట్లో బాగోలేకపోయినా ఫోన్ చేయండి. నోరు పూసినప్పుడు నోట్లో పెట్టొద్దు, మలద్వారంలో థర్మామీటరు, ఎనిమా లాంటివి అసలొద్దు. ఇంకొక విషయం, కీమోతో పాటు ఇచ్చే డెక్సా లాంటి స్టెరాయిడ్ జ్వరాన్ని అణిచేస్తుంది. కాబట్టి థర్మామీటరు మామూలుగా చూపించినా, చలి వణుకు, మూత్రంలో మంట, విరేచనాలు, కీమో ఎక్కించడానికి ఛాతీలో పెట్టే పోర్ట్ దగ్గర నొప్పి, మనిషి మాట తడబడటం, వీటిలో ఏది ఉన్నా చెప్పాలి. చీము పట్టలేదు కదా, పుండు ఎర్రగా లేదు కదా అనుకోవద్దు. చీము కట్టేది ఆ తెల్ల కణాలే, అవే లేనప్పుడు చీము ఎక్కడి నుంచి వస్తుంది?

స్నానం మానిపించిన మామ్మ గారి మాట దయచేసి పక్కన పెట్టండి. ఈ ఇన్ఫెక్షన్లలో ఎక్కువ భాగం బయటి నుంచి రావు, మన ఒంటి మీద, నోట్లో, పేగుల్లో ముందే ఉన్న క్రిముల వల్లే వస్తాయి. అందుకే రోజూ గోరువెచ్చని నీళ్లతో స్నానం, మడతల్లో తడి లేకుండా అద్దుకోవడం, మెత్తటి బ్రష్షు, తిన్న ప్రతిసారీ నోరు పుక్కిలించడం ముఖ్యం. లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో చెంచాడు ఉప్పు, చెంచాడు వంటసోడా కలిపి సీసాలో ఉంచండి, ఏ రోజుకారోజు మార్చండి. చేతులు సబ్బుతో 20 సెకన్లు. ఇంట్లో కూడా చెప్పులు వేసుకోమనండి.

కౌంట్ ఇంజెక్షన్‌కి ఒళ్లు నొప్పులు వస్తాయి, అది నిజం, నడుము, తుంటి ఎముకలు లాగేస్తాయి. మూలుగ పని మొదలెట్టిందని దాని అర్థం. ఎముకలు విరగవు, కొన్ని రోజుల్లో పోతుంది. నొప్పికి ఏం వేయాలో అక్కడే అడిగి రాయించుకోండి, ఎందుకంటే నొప్పికని పారాసిటమాల్ వేస్తే మళ్లీ జ్వరం దాగుతుంది. మాత్ర వేసే ముందు టెంపరేచర్ చూడటం మాత్రం మర్చిపోవద్దు. కీమో అయిన 24 గంటల తర్వాతే వేయించాలి, ఫ్రిజ్ నుంచి ఐస్ బాక్సులోనే తేవాలి.

చుట్టుపక్కల ఏ పిల్లాడికైనా అమ్మవారు పోసిందంటే మనవాళ్లు చూడ్డానికి వెళ్తారు, దండం పెట్టుకుంటారు. మీ అమ్మగారు వెళ్లకూడదు. తెలియక వెళ్లి ఉంటే అదే రోజు హాస్పిటల్‌కి చెప్పండి, ముందుగా ఇచ్చే మందులుంటాయి. మీ ఇంట్లోవాళ్లంతా ఫ్లూ టీకా వేయించుకోండి. అమ్మగారికి ఎప్పుడు వేయాలో డాక్టరు చెప్తారు.

సింగ్‌నగర్_కుర్రాడు:

సిస్టర్ గారు చెప్పినదానికి రెండో వైపు నేను చెప్తాను. మేం నాన్న విషయంలో జాగ్రత్త మరీ ఎక్కువ చేశాం. లింఫోమా, అంటే లింఫు గ్రంథుల క్యాన్సర్, 2024లో కీమో. కరోనా రోజుల్లో చేసినట్టే గదిలో పెట్టి తలుపేశాం. పిల్లల్ని రానివ్వలేదు. పళ్లు వద్దు, పెరుగు వద్దు, ఫ్రిజ్‌లోది వద్దు, బయటిది వద్దు, మాంసం వద్దు అని నెట్‌లో చదివినవన్నీ మానిపిస్తే ఆయన తిండి మీదే విసుగొచ్చి తొమ్మిది కేజీలు తగ్గిపోయాడు. చివరికి మా డాక్టరే కోప్పడ్డారు. పచ్చివన్నీ పూర్తిగా మానిపిస్తే ఇన్ఫెక్షన్లు తగ్గుతాయని గట్టిగా రుజువేం లేదట, శుభ్రంగా కడిగి వండి పెట్టండి, తినడం ముఖ్యం అన్నారు. తొక్క తీసుకునే అరటిపండు, కమలాపండు, పాకెట్ పాలు కాచి ఇంట్లో తోడేసిన పెరుగు ఇమ్మన్నారు. బండి మీద కోసి పెట్టిన పళ్లు, చెరకు రసం, చద్దన్నం, సగం ఉడికిన గుడ్డు మాత్రం వద్దన్నారు. నాన్నకి పునుగులంటే ప్రాణం. పునుగు నూనెలోంచి వేడిగా వస్తుంది, భయం దాని పక్కన పోసే పల్చటి చట్నీ నీళ్లతో. ఇంట్లో వేసి అల్లం పచ్చడితో పెడితే ఆ రోజు ఆరు తిన్నాడు.

ఇంతలో 2024 సెప్టెంబరు 1, ఆదివారం. బుడమేరు వాగు పొంగి మా విజయవాడ సింగ్‌నగర్‌లోకి నీళ్లు. నాన్నకి కీమో అయ్యి తొమ్మిదో రోజు. కింద ఇల్లు నడుము లోతు మునిగితే పైన అద్దెకున్నవాళ్లింట్లో రెండు కుటుంబాలం, పదకొండు మందిమి. గది తలుపేసి కాపాడిన మనిషి అందరి మధ్యలో చాప మీద. కరెంటు లేదు, కుళాయి లేదు, కింద మురుగు. ఆ రెండు రాత్రులు మాకు మిగిలినవి నాలుగే, గ్యాస్ సిలిండరు మీద కాచిన నీళ్లు, ఒక సబ్బు, జేబులో థర్మామీటరు, ఛార్జింగ్ దాచుకున్న ఒక ఫోను. ప్రతి ఆరు గంటలకీ చూసేవాళ్లం. మూడో రోజు పొద్దున్న 100.8. డేకేర్ నంబరుకి చేస్తే బయల్దేరమన్నారు. పడవలో రోడ్డు దాకా, అక్కడ నుంచి అంబులెన్సులో. కాలు నీళ్లలో పెట్టనివ్వకుండా నేనూ మా బావా భుజాల మీద మోశాం. అయిదు రోజుల్లో ఇంటికొచ్చాడు. అంతకు ముందు ఆరు నెలలు ఆ గది తలుపు మీద పెట్టిన శ్రద్ధలో సగం ఆ థర్మామీటరు మీద పెట్టి ఉంటే నాన్న ఆ ఆరు నెలలూ మనవరాలితో ఆడుకునేవాడు కదా అని అనిపిస్తుంది.

పటమట అన్నా, ఆమెని రైతుబజారుకి పూర్తిగా మానిపించకు. రెండో వారం వద్దను, మూడో వారంలో పొద్దున్నే జనం రాకముందు మాస్కుతో తీసుకెళ్లు. వంకాయలు తనే ఏరుకుంటుంది. ఇంటికి రాగానే చేతులు కడుక్కుంటే చాలు.

తెనాలి_రైతుబిడ్డ:

సిస్టర్ గారూ, మూడో వారం లెక్క మాకెవరూ ఇలా విడమరిచి చెప్పలేదు. మా అత్తకి ఇంకా రెండు కీమోలు ఉన్నాయి. రసం ఆపేస్తాం. ఆవిడ ఊరుకోదు, ఏదో ఒకటి తాగాలి అంటుంది. కొబ్బరి నీళ్లు పర్వాలేదా?

డేకేర్_సిస్టర్:

బొండాం కడిగి, మీ ఇంటి కత్తితో కొట్టి, అప్పటికప్పుడు గ్లాసులో పోసి తాగించండి. కొట్టి ఉంచినవి, బండి దగ్గర స్ట్రా వేసి ఇచ్చేవి వద్దు. కిడ్నీ ఇబ్బంది, పొటాషియం ఎక్కువ ఉన్నవాళ్లయితే మాత్రం డాక్టరుని అడగాలి.

పటమట_వాసి:

మూడు వారాలు దాటాక రాస్తున్నాను, ఆలస్యానికి ఏమీ అనుకోవద్దు. మీరు రాసినవన్నీ అమ్మకి చదివి వినిపించాను. బ్రాడీపేట అక్క సత్తు గ్లాసు ముక్క దగ్గర అమ్మ పక్కకి తిరిగి కూర్చుంది. కాసేపయ్యాక చెప్పింది, వాళ్ల నాన్నకి అలాగే పశువుల పాక పక్కన పెట్టేవాళ్లట. మా తాతకి టీబీ ఉండేదని నాకు ఆ రోజే తెలిసింది.

కంచాలు తెచ్చాం. పేర్లు కొట్టించాం. అమ్మ పేరు కింద చిన్న పువ్వు కూడా వేశాడు కొట్టతను, అడగకుండానే. మర్నాటి నుంచి మాతోనే కూర్చుని తింటోంది.

నాలుగో కీమోకి ముందు రోజు, బుధవారం, డాక్టరు గారు రక్తం రిపోర్టు చూసి సరేనన్నాక తెల్లవారుజామున కొండ మీదికి తీసుకెళ్లాను. మొక్కు తీరిపోయిందంది. కౌంట్ ఇంజెక్షన్ కూడా చేయించుకుంది. మూడు రోజులు నడుము లాగేసిందని మూలిగింది కానీ సిస్టర్ గారు చెప్పిన మూలుగ మాట తనే అందరికీ చెప్తోంది. పిన్ని ఇప్పుడు పెసరకట్టు తెస్తోంది. మేనత్తని మాత్రం గుమ్మం దగ్గరే ఆపింది, ఆవిడ రెండు రోజులు అలిగి, తర్వాత తనే మాస్కు కొనుక్కుని వచ్చింది.

సెలవుల గురించి మాట్లాడటమే కష్టమైంది. ఆఫీసులో ఎన్ని సెలవులున్నాయో కాగితం మీద రాసి చూపించాను. చాలాసేపు చూసి "ఇన్ని ఉన్నాయని నాకెప్పుడూ చెప్పలేదేంరా" అంది.

పాల లెక్క రాసుకునే పుస్తకం వెనక పేజీల్లో పొద్దున, సాయంత్రం టెంపరేచర్ తనే రాసుకుంటోంది. పదకొండో రోజు రాత్రి ఒంటి గంటప్పుడు నా తలుపు కొట్టింది. భయపడి లేచాను. "ఒరేయ్, 99.2 ఉంది. చలేమీ లేదు, వేడి పాలు తాగాను, దానివల్లేమో. అరగంటాగి మళ్లీ చూద్దామా, ఇప్పుడే ఫోన్ చేద్దామా?" అంది. డేకేర్ నంబరుకి చేశాం. అరగంట ఆగి చూడమన్నారు. ఇద్దరం హాల్లో గడియారం కేసి చూస్తూ కూర్చున్నాం. 98.6. పుస్తకంలో రాసి, టైము కూడా వేసి, "నువ్వు పడుకో, పొద్దున ఆఫీసుంది" అంది.